ఇద్దత్‌కి బ్రాకెట్లు అక్కర్లేదు

కథలు రాయడం మా వృత్తి కాదు. పగలంతా వేరే పనుల్లో ఉండి, ఇషా నమాజు అయ్యాక, ఇంట్లో అందరూ పడుకున్నాక కాగితాలు ముందేసుకునే బాపతు మేం. సరదాకి రాస్తారు అంటే కాదనం. కొందరు పావురాలు పెంచుతారు, కొందరు పతంగులు ఎగరేస్తారు, మేం కథ రాస్తాం. అయితే ఒక తేడా ఉంది. పావురాలు పెంచేవాణ్ని పట్టుకుని 'మీవాళ్లంతా ఇలాంటి పావురాలనే పెంచుతారా?' అని ఎవరూ అడగరు. కథ రాసిన సాయిబుని అడుగుతారు.

అందుకే ఇక్కడ 'మేం' అంటున్నాం. రాసిన చెయ్యి ఒకటే. కానీ ఒక రెడ్డిగారు కథ రాస్తే అది ఆయన కథ, ఒక సాయిబు రాస్తే అది ముస్లిం కథ. ఒక్క మనిషి గురించి రాసినా మొహల్లా మొత్తం తరఫున సాక్ష్యం చెప్పినట్టే లెక్క. ఎలాగూ అందరి లెక్కలోనే వేస్తారు కాబట్టి ఆ బహువచనాన్ని మేమే తీసుకుంటున్నాం.

ఈ మధ్య ఒక కథ మొదటి ప్రతి పూర్తయింది. 11 పేజీలు. మూడు నెలలు పట్టింది. మొదటి ప్రతి ముగిసిన సంతోషం రాసేవాళ్లకే తెలుసు. పెళ్లి ఖాయమైన ఇంట్లో సంతోషం అది. సామాను తేలేదు, అప్పు పుట్టలేదు, దావత్‌కి ఎవర్ని పిలవాలో తేలలేదు, అయినా ఇల్లంతా ఒక వెలుగు. మర్నాడు పొద్దున లెక్కలు మొదలవుతాయి.

కథ సంగతి ఇది. ఉత్తర తెలంగాణలో ఒక ఊరు. 2018వ సంవత్సరం. బీడీలు చేసే ఒక ఖాలా. భర్త పోయాడు. ఆమె ఇద్దత్‌లో కూర్చుంది. ఖురాన్‌లో బఖరా సూరా చెప్పిన గడువు నాలుగు నెలల పది రోజులు. ఆ రోజుల్లో అలంకారం ఉండదు, మళ్లీ పెళ్లి మాట ఉండదు, అవసరం లేనిదే గడప దాటడం ఉండదు. అవసరముంటే పగటిపూట వెళ్లి రావచ్చని ఉలమాలే చెప్తారు. ఖాలాకి అవసరం ఉంది. బీడీ కార్మికుల పింఛను అప్పట్లో నెలకి 1000 రూపాయలు. పోస్టాఫీసుకి వెళ్లి వేలిముద్ర వేస్తే చేతికొస్తుంది. వాడకట్టు ఆడవాళ్లు తలా ఒక మాట అంటారు. చివరికి ఖాలా బురఖా వేసుకుని బయల్దేరుతుంది. మిషను ఆమె వేలిని గుర్తుపట్టదు. నలభై ఏళ్లుగా తునికాకు కత్తిరించి, జర్దా నింపి, చుట్టి, దారం కట్టి, కొసలు మడిచిన వేళ్లవి. రోజుకి వెయ్యి బీడీలు చేసిన వేళ్ల మీద గీతలేం మిగులుతాయి? కథ పోస్టాఫీసు అరుగు మీద ఆగిపోతుంది.

రాసేటప్పుడు ఒక పని కావాలనే చేశాం. ఉర్దూ మాట వచ్చిన ప్రతిచోటా పక్కనే బ్రాకెట్ పెట్టి తెలుగులో అర్థం రాశాం. ఇద్దత్, ఫాతెహా, జానిమాజ్, వజూ, దువా, ఖాలా. ఆఖర్న లెక్కపెడితే 19 బ్రాకెట్లు. పేజీలకన్నా బ్రాకెట్లు ఎక్కువ. తెలుగులో మేం కథ చెప్పుకోవాలంటే ఎన్నిసార్లు ఆగి సంజాయిషీ ఇచ్చుకోవాలో కళ్లతో చూద్దామనే అలా చేశాం. చూశాం.

మేం బడిలో చదివింది తెలుగు. అక్కడి కథల్లో మడి కట్టుకునేవాళ్లు ఉన్నారు. తద్దినం పెట్టేవాళ్లు ఉన్నారు. ఏకాదశి ఉపవాసాలున్నాయి, నల్లపూసలున్నాయి, పుణ్యస్త్రీలున్నారు. మడి అంటే ఏమిటో మాకు ఎవరూ బ్రాకెట్లో చెప్పలేదు. కథలో ఒకావిడ తడిబట్టతో వంటింట్లోకి వెళ్తూ 'దూరం, దూరం' అంటే మడి అంటే ఏమిటో తెలిసిపోయింది. అది ఎవరిని దూరం పెడుతుందో కూడా తెలిసిపోయింది. తెలియని మాటని కథలోంచే నేర్చుకునే తెలివి మాకుంటే, ఆ తెలివి మిగతా తెలుగు పాఠకులకి ఉండదని ఎందుకనుకోవాలి?

సరే, ప్రతిని ఇద్దరికి చదవమని ఇచ్చాం. ఒకరు మతం పట్టింపు లేని మిత్రుడు. మంచివాడు. 1992 డిసెంబరు 6 తర్వాత మాతో పాటు వీధిలోకి వచ్చి నిలబడ్డవాడు. చదివి అన్నాడు: "భాయ్, మీ ఆడవాళ్ల బాధ బాగా పట్టుకున్నావు. కాకపోతే చివర్లో ఆమె ఆ బురఖా తీసి పారేసి ఉంటే కథ ఎక్కడికో పోయేది."

రెండోవారు మా మస్జిద్‌లో పెద్దమనిషి. తెలుగు పత్రికలు విడవకుండా చదువుతారు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు: "బేటా, ఘర్ కీ బాతాఁ బాహర్ కైకు? ఇప్పటికే మన ఆడవాళ్ల మీద ఊరంతా జాలిపడుతోంది. నువ్వు ఇంకొకటి అందిస్తావా?"

ఆయన మాటని తోసెయ్యలేం. ఆ జాలి ఎలాంటిదో 2019లో తలాక్ చట్టమప్పుడు చూశాం. 2022లో కర్ణాటక కాలేజీ గేట్ల దగ్గర ఆడపిల్లల్ని హిజాబ్ తీస్తేనే లోపలికి రమ్మన్నప్పుడూ చూశాం. జాలిపడేవాళ్లు ఆ పిల్లల చదువేమైందని తర్వాత అడగలేదు. మిత్రుడి మాటనీ తోసెయ్యలేం. ఇంట్లో ఉన్న ఉక్కపోత గురించి మేమే రాయకపోతే ఎవరు రాస్తారు?

కానీ ఒకటి గమనించండి. ఇద్దరూ వేలి గురించి ఒక్క మాట అనలేదు.

ఒకరికి ఇద్దత్ కనపడింది, దాన్ని బద్దలు కొట్టమన్నారు. ఇంకొకరికీ ఇద్దతే కనపడింది, దాన్ని దాచిపెట్టమన్నారు. నలభై ఏళ్ల చాకిరీలో అరిగిపోయిన వేలు, వెయ్యి రూపాయల కోసం ఆ వేలిని తుడిచి తుడిచి మళ్లీ మళ్లీ మిషను మీద పెట్టిన ఆడమనిషి, ఇద్దరికీ కనపడలేదు. పేజీన్నర రాశాం ఆ సంగతి. బీడీ ఎట్లా చుడతారో కోస్తాలో ఎంతమందికి తెలుసు? తునికాకుకి మేం బ్రాకెట్ పెట్టలేదు. పెట్టమని ఎవరూ అడగలేదు కూడా. అంటే తెలియని మాటకి కాదు బ్రాకెట్. పరాయి మాటకి. బ్రాకెట్ అర్థం చెప్పి ఊరుకోదు. 'కథ ఇక్కడుంది, ఇక్కడ ఆగండి' అని వేలుపెట్టి చూపిస్తుంది. పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. పోస్టాఫీసు దాకా ఖాలా వెళ్తుంది, పాఠకుడు వెళ్లడు.

ఈ గొడవ మాతో మొదలవలేదు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. ఆ పేరుకి భూకంపం అని అర్థం, అట్ట మీద మాత్రం జల్‌జలా అనే ఉంది. 1999లో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' పుస్తకంగా వచ్చాయి, నెల్లూరు జిల్లా మాటతీరులో. 2004లో ముస్లిం కథల సంకలనం 'వతన్' వచ్చింది. వాళ్లు తలుపు తెరిచిపెట్టారు కాబట్టే మాలాంటి తీరిక రచయితలు గడపలో నిలబడగలుగుతున్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ప్రతి మాటకీ సంజాయిషీ రాస్తే ఆ తలుపుని మేమే మళ్లీ దగ్గరగా వేసినట్టు.

అయితే మాలోనే ఇంకో చిక్కుంది. ముస్లింలందరికీ ఉర్దూ రాదు. దూదేకుల వాళ్ల ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. తెలుగులోనే లాలిపాట, తెలుగులోనే శోకం. 'ఉర్దూ రానివాడివి నువ్వేం సాయిబువి?' అని వాళ్లని మావాళ్లే అన్న సందర్భాలు లేకపోలేదు. బ్రాకెట్లు తీసేస్తే వాళ్లని కూడా గడప బయట నిలబెడతామా? ఈ ప్రశ్న మమ్మల్ని వారం రోజులు కూర్చోబెట్టింది.

దానికి జవాబు ఖాలా మాటల్లోనే దొరికింది. మొదటి ప్రతిలో ఆమె ఒకచోట అంటుంది: "బాహర్ నక్కో జావ్ బోల్కే బోలే." దాన్ని తెలుగు చేద్దామని కూర్చున్నాం. బాహర్, బయటికి. నక్కో జావ్, పోవద్దు. బోల్కే, అని. బోలే, చెప్పిన్రు. "బయటికి పోవద్దని చెప్పిన్రు." ఒక్క మాట కూడా కుర్చీ మారలేదు. లక్నో ఉర్దూలో అయితే 'చెప్పారు' ముందొస్తుంది, తర్వాత 'కి' వస్తుంది, చెప్పిన సంగతి ఆఖర్న వస్తుంది. మా దక్కనీలో అలా కాదు. తెలుగువాళ్లు 'అని' పెట్టేచోట మా నానీ 'బోల్కే' పెట్టింది. ఆ 'నక్కో' మరాఠీ వాళ్లది. వందల ఏళ్లు ఒకే బావి దగ్గర నీళ్లు తోడుకుంటే మాట ఎముకలోకి దిగుతుంది. ఇటువైపు చూస్తే మీరు రాసే కాగితం, కలం, మీరు పెట్టే ఫిర్యాదు, తీసుకునే జవాబు అటునుంచి వచ్చినవే. వాటికి ఎవరూ బ్రాకెట్లు పెట్టరు.

ఇక పని తేలికైంది. ఖాలా మాటని తర్జుమా చెయ్యక్కర్లేదు, తెలుగులో కూర్చోబెడితే చాలు. అక్కడక్కడా ఒక నక్కో, ఒక కైకు ఉంటే ఉంటాయి. 'ఇద్దత్' పక్కన బ్రాకెట్లో ఉన్న పెద్ద వాక్యాన్ని కొట్టేశాం. దాని బదులు పక్కింటి ఆమెతో ఒక మాట అనిపించాం: "ఆయన పోయి రెండు నెలలు నిండలే, ఇంకా రెండు నెలలున్నది. అప్పుడే గడప దాటుతవా ఆపా?" ఇంకేం చెప్పాలి? దూదేకుల ఇంట్లోనూ అర్థమవుతుంది, అగ్రహారంలోనూ అర్థమవుతుంది. పైగా బ్రాకెట్‌కి గొంతు ఉండదు. ఈ మాటకి ఉంది. అందులో మందలింపుంది, కొంచెం భయముంది, 'నా గతి కూడా రేపు ఇంతేనా' అనే దిగులుంది.

19 బ్రాకెట్లలో 17 ఇట్లాగే పోయాయి. జానిమాజ్‌ని ఖాలా పరిచి, మడిచి, దండెం మీద వేసింది, అది చాలు. వజూకి బిందెలో నీళ్లు తక్కువున్నాయి, అది చాలు. మిగిలిన రెండూ ఖాలా చదివే దువాలు. అవి ఆమెకీ అల్లాకీ మధ్య సంగతి. వాటి అర్థం పాఠకుడికి తెలియకపోయినా నష్టం లేదు. వాటికీ బ్రాకెట్ తీసేశాం.

ముగింపు మాత్రం మా ఇష్టం కాదు, ఖాలా ఇష్టం. ఆమె బురఖా తీసి పారెయ్యదు. ఇంట్లోనే ఉండిపోదు కూడా. పోస్టాఫీసుకి పోతుంది, తిరిగొచ్చి మిగిలిన ఇద్దత్ కూర్చుంటుంది. "నలభై ఏండ్లు ఒక్క కప్పు కింద బతికినం. నాలుగు నెలలు ఆయన కోసం కూసుంటే నాకేం బరువు? ఆ మిషనే నన్ను మనిషి కాదన్నది" అంటుంది. మిత్రుడికి మొదటి మాట నచ్చదు. పెద్దమనిషికి గడప దాటడం నచ్చదు. ఇద్దరికీ ఆ చివరి మాట వినపడాలి. అది వినపడేలా రాయడమే మా పని.

రంజాన్ నెలలో పత్రికలు ముస్లిం కథ అడుగుతాయి. ఎక్కడైనా గొడవలైతే ఇంకోటి అడుగుతాయి. ఈ కథని ఆ రెండు వేళలకీ పంపదలుచుకోలేదు. మామూలు ఆదివారం, మామూలు కథల మధ్య అచ్చయితే చాలు. పైన 'ముస్లిం కథ' అని పెట్టొద్దని కూడా రాస్తాం. పెడితే అదీ ఒక బ్రాకెట్టే.

రెండో ప్రతి మొదలుపెట్టాం. రెండో పేజీ నడుస్తోంది. బీడీ చుట్టే వేళ్ల సంగతి ఈసారి మొదటి పేజీలోకే తెస్తున్నాం, పోస్టాఫీసు దాకా ఆగకుండా.