మన యొడలిలోని కాపురస్థులు

సూక్ష్మజీవి యన్నంతనే మా విద్యార్థులు రోగమని బదులు చెప్పుదురు. కలరా, క్షయ మున్నగువానిని గూర్చి మనము నేర్చిన పాఠము సత్యమే. కాని యది సగము పాఠము మాత్రమే. తక్కిన సగమును పిల్లలును, తలిదండ్రులును ఎఱుగవలయునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1683వ సంవత్సరమున హాలండు దేశమందలి డెల్ఫ్టు నగరవాసియగు లేవెన్‌హుక్ తన పంటిపాచిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు కదలాడు జీవులను గాంచి, లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. 2016లో శాస్త్రజ్ఞులు కట్టిన లెక్కను బట్టి వయోజనుని దేహమున సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియాలు గలవు; మన సొంత కణములు సుమారు 30 లక్షల కోట్లే! ఇంత సంఖ్య యున్నను వాని మొత్తము బరువు సుమారు 200 గ్రాములే. వీనిలో అధికభాగము పెద్దప్రేగున కాపురముండును.

ఇవి ఊరక తిని కూర్చుండునవి కావు. మనకు జీర్ణము కాని పీచును పులియబెట్టి ప్రేగుగోడకు ఆహారమగు ఆమ్లములను తయారుచేయును. నెత్తురు గడ్డకట్టుటకు వలయు కె విటమినును కొంత సమకూర్చును. చోటంతయు తామే నిండియుండి రోగక్రిములకు తావీయవు.

ఇచ్చటనే మా యాందోళన. జలుబు చేసిన బిడ్డకు వైద్యుని చీటీ లేకయే యాంటిబయాటిక్ మాత్రలు కొని వేయువారు మనలో గలరు. జలుబు వైరసుల వలన కలుగును. ఆ మాత్ర వైరసును చంపజాలదు. కలుపు కొఱకై చేనంతయు దున్నివేసినట్లు, మేలుచేయు జీవులను మాత్రము అది నశింపజేయును. ఖాళీయైన చోట క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అను క్రిమి ప్రబలి, ప్రాణాంతకమగు విరేచనములు కలిగింపవచ్చును. అట్టి రోగులకు ఆరోగ్యవంతుల మలమందలి సూక్ష్మజీవులను ప్రేగులోని కెక్కించి పెక్కుమందికి నయము చేసితిమని, లేవెన్‌హుక్ దేశపు వైద్యులే 2013లో ప్రకటించిరి. వినుటకు రోతగా నున్నను, పోగొట్టుకొన్నదాని విలువ ఇందువలన తెలియుచున్నది.

వైద్యుడు అవసరమని యిచ్చిన మందును మానుమని మేము చెప్పుట లేదు. దానిని ఆయన చెప్పినట్లే వాడవలెను. ఇక మన చేతిలోనిది వంటయిల్లు. రాగిసంకటి, పప్పులు, ఆకుకూరలు, వీనియందలి పీచే ఆ జీవులకు గ్రాసము. పొరుగువారు తయిరనినను, మనము పెరుగనినను, అదియు సూక్ష్మజీవుల చలవయే. పాలలో వేయు ఆ చెంచాడు పెరుగును 'తోడు' అన్న మన పెద్దల మాట ఎంత సార్థకము!

పిల్లలారా, మందు పొట్లముపై అక్షరములను చదివి పెద్దలకు చెప్పువారు అనేక గృహములలో మీరే. చీటీ లేని మాత్ర కనబడినప్పుడు, "దీనిని ఏ వైద్యుడు వ్రాసెను?" అని వినయముతో అడుగుడు.