సీసా మీద పేరు

మా ఊళ్ళో వైన్ ఎలా ఉంటుందో చూసినవాళ్ళు లేరు. ‘వైన్స్’ మాత్రం అందరికీ తెలుసు. బస్టాండు పక్కన బోర్డు, దాని కింద కటకటాలు, తోసుకునే మగవాళ్ళు. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా దుకాణాల మీదికి వెళ్ళినప్పుడు మా అమ్మ నన్ను చంకనేసుకుని వెళ్ళిందట. నాకప్పుడు మూడేళ్ళు. అలాంటి అమ్మతో స్పెయిన్‌లో ద్రాక్షతోటలు చూసొచ్చానని చెబితే మొదట అడిగింది ఒకటే.

“తాగినావా?”

“ఒక్క గుక్కమ్మా.”

ఆ గుక్క గురించే రాద్దామని కూర్చున్నాను. రాయబోతే పేర్ల సంగతి ముందుకొచ్చింది.

నా పీహెచ్.డి. నాట్ల పాటల మీద. మధ్యయుగాల గలీసియా పాటల మీద సెమినారుంటే సాంతియాగో దె కొంపొస్తెలా వెళ్ళాను. గలీసియా స్పెయిన్‌కి వాయవ్య మూల. స్పెయిన్ అనగానే మనం ఊహించుకునే మండుటెండలు కాదక్కడ, అట్లాంటిక్ మీంచి వచ్చే ముసురు. సెమినారు అయ్యాక తీరంలోని కంబాదోస్‌కి తీసుకెళ్ళారు. అల్బరీన్యో అనే తెల్లద్రాక్షకి అది రాజధాని అంటారు. ఆ ప్రాంతపు వైన్‌కి 1988 నుంచి ‘రీయాస్ బాయ్షాస్’ అన్న అధికారిక గుర్తింపు ఉంది.

తోటలోకి అడుగుపెట్టగానే మా పెరట్లో బీరపందిరి గుర్తొచ్చింది. గ్రానైట్ స్తంభాల మీద తలకంటే ఎత్తున తీగలు పాకించారు. వానకీ తేమకీ బూజు తెగులు పట్టకుండా కింద గాలి ఆడాలి కదా. ఆ నీడలోనే వెనకటికి బంగాళాదుంపలు, క్యాబేజీ కూడా వేసుకునేవారట. ఒక్కో ఇంటిదీ చారెడు నేల, అదీ ముక్కలు ముక్కలు.

“ఇదంతా ఎవరు చూసుకునేవారు?” అని ఆ తోట ఆవిడని అడిగాను. ఆవిడకి డెబ్భై అయిదేళ్ళు. మాతో వచ్చిన విద్యార్థిని అనువదించింది. “ఇంకెవరు, మేమే. మగవాళ్ళు సముద్రం మీదో, బ్యూనస్ ఎయిర్స్‌లోనో, స్విట్జర్లాండులోనో ఉండేవాళ్ళు.” గలీసియా కవయిత్రి రొసాలియా దె కాస్త్రో 1880 నాటి ‘ఫోల్యాస్ నోవాస్’లో ఒక భాగానికి ‘బతికున్నవారి విధవలు, చనిపోయినవారి విధవలు’ అని ఎందుకు పేరు పెట్టిందో ఆ పందిరి కింద అర్థమైంది. ద్రాక్ష అమ్మిన డబ్బు దాచుకోవడానికి బ్యాంకు ఖాతా తెరవాలన్నా పెళ్ళయిన ఆడది భర్త అనుమతి తేవాలి. ఆ చట్టం 1975లో గానీ పోలేదు. సేద్యంలో భార్యకీ భర్తకీ ఉమ్మడి యాజమాన్యం రాయించుకునే చట్టం 2011లో వచ్చింది. పాసుపుస్తకంలో పేరు లేకుండానే ముప్పయ్యేళ్ళు నాట్లేసిన మా అమ్మ సంగతి ఆవిడకి చెప్పాను. తలూపింది. దానికి అనువాదం అక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం తాగిన వైన్ పేరు ‘మార్తిన్ కోదాష్’. 1986లో సాగుదారులు కలిసి పెట్టుకున్న వైనరీది. కోదాష్ అంటే పదమూడో శతాబ్దపు కవి. వీగో సముద్రతీరాన ప్రియుడి కోసం ఎదురుచూసే అమ్మాయి గొంతుతో ఆయన కట్టిన ఏడు పాటలు మిగిలాయి. మా సెమినారు ఆ పాటల మీదే. ఆడదాని గొంతు, మగవాడి సంతకం. ఆడవాళ్ళు పెంచిన పందిరి, సీసా మీద మళ్ళీ ఆయన పేరే. రియోహాలో అయితే సీసాల మీద మార్కీలు కనిపిస్తారు. మార్కేస్ దె మురియేతా 1852 నాటిది, మార్కేస్ దె రిస్కాల్ 1858 నాటిది. అక్కడ ఎర్రవైన్‌ని మూడేళ్ళు, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో ఉంచితేనే ‘రిజర్వా’ అని రాయనిస్తారు. ఎన్నాళ్ళు నిలవ ఉంచారో లేబుల్ చెబుతుంది, ఎవరు కోశారో చెప్పదు. రీయాస్ బాయ్షాస్‌లో ఇవాళ వైన్ తయారీ బాధ్యత చూసేవాళ్ళలో స్త్రీలు చాలామందే ఉన్నారు. ఆ మాట విని సంతోషించాను.

అందరూ నన్ను నాట్ల పాటల గురించి అడిగారు. గర్వంగా నా థీసిస్ తెరిచి చూపించాను. అనుబంధంలో ప్రతి పాట కిందా ఒకే వాక్యం: ‘పాడినవారు: నాట్ల కూలీ, నెల్లూరు జిల్లా’. అట్ట మీద నా పేరు, డిగ్రీతో సహా. కోదాష్‌ని అంతసేపు తప్పుపట్టిన నోరు మూతపడిపోయింది. నేల వాళ్ళది కాదు, కనీసం పాటైనా వాళ్ళదని రాయడానికి నన్నెవరాపారు? పద్ధతి అలాగే ఉందన్నది నిజమే. ఆ పద్ధతిని ప్రశ్నించడానికే కదా నేను పరిశోధనలోకి వచ్చింది.

థీసిస్ ఇప్పుడు పుస్తకంగా రావాల్సి ఉంది. ప్రెస్సుకి పంపకుండా ఆపి అమ్మకి ఫోన్ చేశాను.

“పేర్లెందుకమ్మా ఇప్పుడు, పాటలున్నాయి గదా” అంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే ఒక్కొక్కరినీ చెప్పడం మొదలుపెట్టింది. ఎవరే పాట ఎత్తుకునేదో, ఎవరు అందుకునేదో, ఎవరు గట్టు మీద బిడ్డని పడుకోబెట్టి వచ్చేదో. ఇద్దరు చనిపోయారట. వాళ్ళవి కూడా ఇంటిపేర్లతో సహా చెప్పింది.

పదకొండు పేర్లు రాసుకున్నాను. ఇంకా ఇద్దరి పేర్లు గుర్తురావడం లేదంది. వాళ్ళని కనుక్కోడానికి వచ్చే ఆదివారం ఊరికి వెళ్తున్నాను.