బ్రదర్ కాడ్‌ఫెల్‌తో మా తగవు

వేసవి సెలవులు వచ్చినంతనే మేము తీసి చదువు గ్రంథములు కొన్ని కలవు. ఈడిత్ పార్జిటర్ అను ఆంగ్ల రచయిత్రి ఎల్లిస్ పీటర్స్ అను మారుపేరుతో 1977 మొదలు 1994 వరకు ప్రకటించిన ఇరువది అపరాధపరిశోధక నవలలవి. పండ్రెండవ శతాబ్దమున స్టీఫెన్ రాజునకును మాడ్ అను రాజపుత్రికకును ఇంగ్లండు సింహాసనమునకై పోరు జరుగుచుండగా, ష్రూస్‌బరీ మఠమున మూలికలు పెంచుకొను కాడ్‌ఫెల్ అను వృద్ధసన్న్యాసి హత్యల గుట్టు విప్పుచుండును. యౌవనమున క్రూసేడు యుద్ధములు చేసి వచ్చినవాడగుటచే ఎవరి పాపమునకును అతడు ఉలికిపడడు. దాదాపు ప్రతి నవలలోను ఒక యువతీయువకుల జంటకు పెండ్లి కుదురుట మాత్రము మాకు విసుగు.

రెండవ నవల మాకు ప్రాణము. 1138లో స్టీఫెన్ ష్రూస్‌బరీ కోటను పట్టి, లోపలివారిని తొంబదినలుగురను ఉరితీయించెను. పాతిపెట్టబోయిన కాడ్‌ఫెల్ లెక్కింపగా శవములు తొంబదియైదు! రాజాజ్ఞ మాటున ఎవడో యొకని చంపి అచ్చట పడవేసినాడు. అంతమంది పోయినచోట ఇంకొకని కొరకు వెదకుట ఏల యని ఆ ముసలివాడు అనడు. తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానమును మేమెన్ని పర్యాయములో బోధించితిమి. ఈ లెక్క చదివిన పిదపనే అది మా మనస్సున నాటుకొన్నది.

తగవంతయు మూడవ నవలతో. కీళ్లనొప్పులకు కాడ్‌ఫెల్ కాచిన వత్సనాభి తైలమునే భోజనమున కలిపి యొకడు హత్యచేయును. నేరము బయటపడిన తరువాత కాడ్‌ఫెల్ వానిని అధికారులకు అప్పగింపక, జీవితాంతము పరులకు మేలుచేయుమని ప్రాయశ్చిత్తము విధించి విడిచిపెట్టును. మొదట చదివినపుడు మాకు కన్నీరు వచ్చెను.

అటుపిమ్మట కొన్నాళ్లకు, మేమప్పుడు పనిచేయుచుండిన బోర్డింగులో ఒక బాలుని ట్రంకుపెట్టెనుండి రూపాయలు పోయెను. తీసిన పిల్లవాడు రాత్రివేళ మాయొద్దకు వచ్చి, ఏడ్చి, సొమ్ము ఇచ్చివేసెను. మేమును కాడ్‌ఫెల్ వలెనే వాని పేరు దాచి, సొమ్ము వరండాలో దొరికినదని చెప్పితిమి. బాలురు ఆ మాట నమ్మలేదు. వారి అనుమానము తలుపు ప్రక్కన పండుకొను వేరొక బీద విద్యార్థిమీద నిలిచిపోయెను. వాడు దొంగ కాడని మాకు తెలియును. ఎట్లు తెలియునో చెప్ప నోరాడలేదు. నవలలో నిందపడిన బాలుడు నిర్దోషిగా తేలునట్లు పార్జిటరమ్మగారు ముందే ఏర్పాటు చేసిరి. మా బోర్డింగునకు అట్టి రచయిత్రి లేదు. సెలవుల తరువాత ఆ బిడ్డ తిరిగి రాలేదు.

ఇప్పటికిని ప్రతి వేసవియందు ఆ పుస్తకములను వరుసగా చదువుచునే యున్నాము. రెండవది ముగియగానే నాలుగవది తీయుదుము.