వూస్టరు పట్టణమున కాగితపు లేసు

అమెరికా దేశమున మెసాచుసెట్సు రాష్ట్రమునందు వూస్టరు అను పట్టణము కలదు. అది బోస్టను నగరమునకు పడమటగా సుమారు 40 మైళ్ల దూరముననున్నది. రైలున గంటన్నర ప్రయాణము. తెల్లని జంట గోపురములుగల స్టేషనులో దిగినవారికి ఆ యూరు చూడగానే కర్మాగారముల యూరని తెలియును. ఒకప్పుడది ఇనుపతీగెకు పేరు మోసినది. కవరులు మడచు యంత్రమునకు 1853లో హాస్ అను వైద్యుడొకడు పేటెంటు పొందినదియు ఇచ్చటనే. జాబునకు తొడుగు కుట్టిన యీ యూరిలోనే, జాబులోపల నుంచు వలపునకును ఒక పరిశ్రమ వెలసినది. దానిని నెలకొల్పినది ఒక స్త్రీ.

ఫిబ్రవరి 14వ తేదీ వాలెంటైను దినము. ఆనాడు ప్రియులు ఒకరికొకరు కార్డులు పంపుకొనుట పాశ్చాత్యుల యాచారము. ఈ యాచారము మంచిదా చెడ్డదా యని మన యిండ్లలో చర్చ జరుగుచునేయుండును. ఆ తగవు నాకు వలదు. ఆ కార్డు నెవరు చేసిరి, ఎట్లు చేసిరి అనునదియే నేను చూడగోరినది. కావున మంచు మోకాలిలోతున పడియున్న ఫిబ్రవరి మాసముననే ఆ పట్టణమునకు బోయితిని.

అచ్చట అమెరికను యాంటిక్వేరియను సొసైటీ యను గ్రంథభాండాగారము కలదు. ఐజేయా థామసు అను ముద్రాపకుడు 1812లో దానిని స్థాపించెను. పాత పుస్తకములతోబాటు పాత వాలెంటైను కార్డులనుగూడ వారు భద్రపఱచియున్నారు. లోనికి కలము తీసికొనిపోరాదు, పెన్సిలు మాత్రమే. నా యెదుట నుంచిన కార్డు అరచేతికన్న కొంచెము పెద్దది. అడుగున నిగనిగలాడు నెఱ్ఱకాగితము. దానిపై నూలులేసును మరపించునట్టి తెల్లని కాగితపు లేసు. నడుమ పూలగుత్తి రంగుల బొమ్మ. ఆ బొమ్మ లేసునకు అంటుకొనియుండలేదు! మెట్లుమెట్లుగా మడచిన సన్నని కాగితపు చీలికలపై నిలిచి, గాలిలో తేలినట్లున్నది. విప్పినచో లోపల చిన్న చీటిపై పద్యము. వెనుకకు త్రిప్పగా మూలను ఎఱ్ఱని ‘హెచ్’ అను నక్షరము. అది ఎస్తరు హౌలండు గుఱుతు.

ఈమె 1828లో జన్మించెను. మౌంటు హోలియోకు విద్యాలయమున చదువు ముగించుకొని 1847లో ఇంటికి వచ్చునప్పటికి పందొమ్మిదేండ్లది. తండ్రికి పుస్తకముల, కాగితముల దుకాణము. ఇంగ్లండునుండి వచ్చిన యొక లేసుకార్డును చూచి, ఇట్టిది తానును చేయగలనని తలంచి, సరకు తెప్పించుకొని కొన్ని మాదిరులు చేసెను. దుకాణపు సరకు నమ్ముటకు ఊరూరు తిరుగు అన్నదమ్ముడు వానిని వెంట గొనిపోయెను. రెండువందల డాలర్ల బేరము వచ్చునేమో యని ఆమె యాశించియుండగా, అతడు అయిదువేల డాలర్లకు ఆర్డరులు తెచ్చెనని ఆ యూరివారు నేటికిని చెప్పుకొందురు.

అంత పని యొక్కతెవలన అగునా? ఎస్తరు తన స్నేహితురాండ్రను పిలిచి, సమ్మరు వీధిలోని తన యింటనే ఒక పెద్ద బల్లచుట్టు కూర్చుండబెట్టెను. ఒకతె బొమ్మలు కత్తిరించును. ఒకతె రంగుకాగితము పఱచును. మఱియొకతె లేసు అంటించి ప్రక్కదానికి జరపును. మోటారుబండ్ల కర్మాగారములలో ఇట్టి పద్ధతి పెట్టిన ఫోర్డు దొరను లోకమంతయు పొగడినది. అతడు పుట్టినది 1863లో. కాగితము, జిగురు గలచోట ఆడువారు దానిని అంతకుమున్నే నడపియుండిరని ఎవరు తలంతురు?

ఇల్లు విడిచి రాలేని స్త్రీలకు మఱియొక యేర్పాటు చేసిరి. మాదిరి కార్డును, కావలసిన సామగ్రిని ఒక పెట్టెలోనుంచి వారి యింటికే పంపుదురు. వారము దినముల తరువాత బండివాడు వచ్చి, పూర్తియైన కార్డులను తీసికొనిపోవును. 1866లో ఎస్తరు మంచుపై జారిపడి మోకాలు దెబ్బతిని, ఏండ్ల తరబడి చక్రముల కుర్చీకి పరిమితమైనను వ్యాపారము ఆగలేదు. కొనువారికి లోపలి పద్యము నచ్చనిచో వేఱొకటి ఎంచుకొని పైన అంటించుకొనుటకై 1879లో పద్యముల పుస్తకమునే ముద్రించిరి. ఇది నాకు మిక్కిలి నచ్చినది. వలపు మనదైనను మాటలు ఎరువు తెచ్చుకొనుట అన్ని దేశములందును కలదు గదా!

తండ్రికి జబ్బు చేయగా ఆమె 1881లో తన వ్యాపారమును విట్నీ అను పోటీవర్తకునికి అమ్మివేసెను. అవివాహితగనే 1904లో కాలధర్మము నొందెను. లోకమునకు ప్రేమకార్డులు పంచిన స్త్రీకి పెండ్లి కాలేదని వ్రాయనివారు లేరు. పురుషుడొకడు ఈ వ్యాపారము చేసియున్నచో వాని పెండ్లిముచ్చట నెవరు వెదకుదురు? విట్నీ యంత్రములు తెప్పించి లేసును వూస్టరులోనే అచ్చొత్తించెను. ఆ సంస్థయు 1942లో యుద్ధకాలపు కాగితపు కఱవువలన మూతపడెను.

నాకు మాత్రము ఆ పెట్టెలే మనసునుండి పోలేదు. ‘హెచ్’ అక్షరమున్న కార్డులు దొరకినవి. పెట్టెలోని కార్డులను దీపము వెలుగున అంటించిన గృహిణుల పేర్లు ఆ కార్డులపై నెచ్చటను లేవు. మన నరసాపురపు లేసుపని జ్ఞప్తికి వచ్చినది. గోదావరి తీరమున క్రైస్తవ మతప్రచారకుల దొరసానులు పందొమ్మిదవ శతాబ్దమున నేర్పిన యీ పని నేటికిని అరుగులపై సాగుచున్నది. దళారి దారము తెచ్చియిచ్చును, అల్లిన లేసు తీసికొనిపోవును. ఆమె దినమునకు ఎన్నిగంటలు అల్లినను, “మీ ఆవిడ ఏమి చేయును?” అన్న ప్రశ్నకు భర్త “ఊరకనే యింట నుండును” అనును. ఎస్తరు ఇల్లు బల్లగా మాఱి వ్యాపారమయ్యెను. ఆ పెట్టె చేరిన యిల్లు మాత్రము ఇల్లుగనే మిగిలెను.

వూస్టరు ప్రక్కనే ష్రూస్బరీ అను నూరు కలదు. అచ్చట తెలుగువారి కుటుంబములు పెక్కు. మా మేనకోడలి యింట రెండు దినములుంటిని. ఆ దేశమున పలు బడులలో, వాలెంటైను దినమున కార్డులు తెచ్చు పిల్లలు తరగతిలోని యందఱికిని తేవలెనని నియమము; ఏ పిల్లయు వట్టిచేతులతో పోరాదు. కావున మేనకోడలి కూఁతురు భోజనపు బల్లపై ఇరువదిరెండు కార్డులకు సిద్ధమైనది. మన చదువరులలో పిల్లలున్నవారికి పనికివచ్చునని ఆ విధము వ్రాయుచున్నాను.

దళసరి కాగితమును రెండుగా మడచి, హృదయాకారము కోసివేసిన స్టెన్సిలు నుంచి కదలకుండ అంటుపట్టీ వేయవలెను. కుంచెను రంగున ముంచి, పాతగుడ్డపై ఇంచుమించు ఆఱునంతవఱకు అద్ది, నిలువుగా పొడిచినట్లు వేయవలెను. తడి యెక్కువైనచో రంగు స్టెన్సిలు క్రిందికి ప్రాకును. ముగ్గుగొట్టము దొర్లించినవారికి ఈ యొడుపు చెప్పనక్కఱలేదు. పిదప రబ్బరు ముద్రకు సిరా అద్ది, ఊపక నిలువుగా నొక్కి ఎత్తవలెను. పెడన కలంకారీ అచ్చువేయువారు చేయునట్టిదే. చమ్కీ పొడి చిట్టచివర. జిగురుతో సన్నని గీతలు గీసి, వానిపై పొడి చల్లి, మిగిలినదానిని మడతకాగితముపై దులిపి మరల సీసాలోనికి పోయవలెను. పూర్వము ఇట్టి మెఱుపునకు గాజుపొడిని, అభ్రకపు పొడిని వాడెడివారు. నేటిది చాలవఱకు ప్లాస్టికు. నీళ్లలో కరగదు, తొట్టిలో కడుగరాదు.

ఆ పిల్ల వేఱుగ మఱియొక కార్డు చేసి విజయవాడలోని అమ్మమ్మకు పంపినది. లోపల తన మాటలే, తప్పుల తెలుగులో. పొరలు లేచి కవరు ఎగుడుదిగుడుగా నున్నందున తపాలా యంత్రములో పోదని, పైరుసుము చెల్లింపవలెనని కచేరిలో చెప్పిరట.