నెల్లూరు నాగటిచాలున రోము కాసులు

నెల్లూరినుండి తూర్పుగా కృష్ణపట్టణమునకు పోవువారికి తొలుత వరిమళ్లును, పిదప ఉప్పుకాలువలును, ఇసుకదిబ్బలును గానవచ్చును, ఆవల సముద్రము. నేడచట గొప్ప ఓడరేవు కలదు. కాని యీ తీరమునకు ఓడలు క్రొత్తవి కావు. శాతవాహన రాజులు రెండు తెరచాపకొయ్యల ఓడబొమ్మతో అచ్చువేయించిన సీసపు నాణెములు ఈ తూర్పుకోస్తాలో దొరకినవి. ఓడను నాణెముపై నిలిపిన రాజులకు సముద్రవ్యాపార మెంత ముఖ్యమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ వ్యాపారపు జాడ యొకటి 1786 ప్రాంతమున నెల్లూరు చెంత బయటపడినది. ఒక రైతు రాతిగుట్ట ప్రక్కను దున్నుచుండగా నాగలి ఇటుకకట్టునకు తగిలెను. త్రవ్విచూడగా చిన్న దేవాలయపు శిథిలములును, వానిక్రింద నొక కుండయు, అందు బంగారు నాణెములును కనబడినవి. అవి క్రీ.శ. రెండవ శతాబ్దమున రోమునేలిన ట్రేజను, హేడ్రియను చక్రవర్తులవియు, రాణి ఫాస్టీనా ముఖము గలవియు. రైతు వానిని పాతబంగారముగ నమ్మివేసెను. పెక్కులు మూసలో కరగిపోయినవి. ముప్పదికి పైగా మాత్రము ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరా సంపాదింపగలిగెను. అప్పటి చెన్నపట్టణపు గవర్నరు డేవిడ్‌సన్ వ్రాసియుంచుటవలన మనకీ సంగతి తెలిసినది.

ఆ వ్రాతలో సోదరీమణులు గమనింపదగిన ముచ్చట యొకటి కలదు. కొన్ని నాణెములు అప్పుడే టంకసాల వెడలినట్లు మెఱయుచుండెనట. మఱికొన్ని అరిగి, చిల్లులుపడి యుండెనట. ఈ చిల్లులవానిని చేతికో మెడకో ఆభరణములుగ ధరించియుందురని ఆయన యూహ. మన కాసులపేరు వంటి సొమ్ము ఎంత ప్రాచీనమో చూడుడు!

అంతకు కొంత ముందే, మొదటి శతాబ్దమున, రోములో ప్లినీ యను పండితుడు ఏటేట అయిదుకోట్ల సెస్టర్సుల ధనము హిందూదేశమునకు పోవుచున్నదని వాపోయెను. మఱియొకచోట, తమ స్త్రీల విలాసములకింత వెలయని యెత్తిపొడిచెను. అచటి స్త్రీలు కోరిన ముత్యములకును తక్కిన సరకులకును బదులు వచ్చిన బంగారమే ఇచటి స్త్రీలకు నగ యైనదన్నమాట.

నేడు దాచుకొనుటకొఱకే నాణెములు ముద్రించుటయు కలదు. 1903లో సైఫాబాదున నెలకొని, 1997లో చర్లపల్లికి మారిన హైదరాబాదు టంకసాల యట్టిపని చేయుచున్నది. నందమూరి తారకరామారావు శతజయంతికి 2023లో వెలువడిన నూరురూపాయల నాణెము అచటిదే. దాని విలువ నెఱిగి అందఱును భద్రపఱతురు. పెట్టె యడుగున పేరులేక పడియున్న పాతకాసునకే ఆపద.

కావున అత్తగారినాటి సొమ్ము కంసాలికిచ్చుటకు ముందు ప్రతికాసును రెండువైపుల త్రిప్పిచూడుడు. వింత యక్షరములో, ముఖమో కనబడినచో తెలిసినవారికి చూపుడు. నేలలో దొరకిన నిధి పదిరూపాయల విలువకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము శాసించుచున్నది. కరగించినను బంగారపు తూకము పోదు. పేరును, కాలమును, ముఖమును మాత్రము పోవును. ఆ రైతు కుండలో కరగిపోయిన కాసులపై నెవరెవరి ముఖములుండెనో ఇక నెవ్వరును చెప్పజాలరు.