లోపల వింటున్నారు!

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న ఇడ్లీల్లోకి పల్లీ చట్నీ చేద్దామని మిక్సీ తిప్పాను. పొట్ట వంటగట్టుకి ఆనుకుని ఉంది. మిక్సీ గుర్రుమనగానే లోపల ఎవరో ఉలిక్కిపడ్డారు. కదలికలు నాకు కొత్త కాదు. ఇరవయ్యో వారం నుంచీ తెలుస్తూనే ఉన్నాయి, చేపపిల్ల తోక ఆడించినట్టు. ఇది అలా లేదు. మంచి నిద్రలో ఉన్న మనిషి తలుపు దబ్బున పడితే అదిరిపడినట్టుంది.

మిక్సీ ఆపాను. మళ్లీ తిప్పాను. మళ్లీ అదే!

“బేగి రా! ఇలా రా!” అని కేకేశాను. మా ఆయన నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు. చెయ్యి పొట్ట మీద పెట్టించి మూడోసారి తిప్పాను. ఆయన కళ్లు ఇంతంతయ్యాయి. నాలుగోసారికి మాత్రం ఏ కదలికా లేదు. ఇదేదో రోజూ ఉండే గోలేలే అనుకుని మళ్లీ పడుకున్నట్టున్నారు మా చిన్ని.

అప్పటికి నాకు ఇరవై ఆరో వారం. ఆ వారంలోనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సి ఉంది. కుర్చీలో కూర్చోకముందే అడిగేశాను. ఆవిడ నవ్వి, “వినిపిస్తుందమ్మా, ఈ వారాల్లోనే మొదలవుతుంది” అంది. ఆ నాలుగోసారి ఊరుకోవడం కూడా మంచిదేనట. ఒకే చప్పుడు మళ్లీ మళ్లీ వస్తే బిడ్డ దానికి అలవాటు పడుతుందట. అలవాటు పడడమంటే గుర్తు పెట్టుకున్నట్టేగా! ఇంకా కేజీ కూడా లేని ప్రాణం, మా ఇంటి మిక్సీని గుర్తు పెట్టుకుంది!

ఆ రోజు నుంచీ మా లోకమే మారిపోయింది. అంతకు ముందు నేను కడుపుతో ఉన్నాననుకునేదాన్ని. ఇప్పుడు ఇంట్లో మూడో మనిషి ఉన్నారు, మేం మాట్లాడే ప్రతి మాటా వింటున్నారు. “ఒట్టి మనిషివి కాదు, జాగ్రత్త” అని అమ్మ రోజుకి పదిసార్లు ఫోన్లో అంటే ఏదో మాటవరసకి అంటోందనుకున్నాను. ఎంత నిజమో ఇప్పుడు తెలుస్తోంది.

చిన్ని ఆడో మగో మాకు తెలీదు. చెప్పకూడదని 1994లోనే చట్టం వచ్చింది. తెలియకపోవడమే బాగుంది. పేరు లేదు, ముఖం లేదు. ఉన్నవల్లా రెండు చెవులు. ఆ చెవులకి ఏం వినిపిద్దామా అన్నదే ఇప్పుడు మా ఇద్దరి పని, షికారు, కాలక్షేపం.

లోపల ఎలా వినిపిస్తుందో కూడా తెలుసుకున్నాం. అక్కడ నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటాం గానీ అస్సలు ఉండదు. నా గుండె దడదడ, రక్తం పారే హోరు, పేగుల గుడగుడ ఎప్పుడూ ఉంటాయి. బయటి చప్పుడు పొట్ట గోడ దాటి, ఉమ్మనీరు దాటి వెళ్లేసరికి సన్నటి శబ్దాలు చాలావరకు అణిగిపోతాయి. బొంగురు శబ్దాలు బాగా వెళ్తాయి. అన్నిటికన్నా బాగా వినిపించేది నా గొంతే. అది గాలిలోంచి మాత్రమే కాదు, నా ఒంట్లోంచి, ఎముకల్లోంచి కూడా వెళ్తుంది. నేను “ఉప్పు తగ్గిందా?” అని అడిగినా చిన్నికి ఇల్లంతా మోగుతుందన్నమాట.

ఈ సంగతి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుని, చాలాసేపు గుసగుసగా మాట్లాడుతూనే ఉన్నాను.

మాది విశాఖపట్నంలో అద్దె ఇల్లు. ఇద్దరం ఉద్యోగాలు చేసేవాళ్లం. సముద్రానికి పది నిమిషాల దూరంలో మూడేళ్లుగా ఉంటూ, బీచికి ఎవరైనా చుట్టాలొస్తే తప్ప వెళ్లేవాళ్లం కాదు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పొద్దున్నే వెళ్తున్నాం. ఆ వేళ బీచ్ రోడ్డు మీదికి బళ్లు రానివ్వరు. హారన్ మోత లేని బీచ్ రోడ్డు ఎంత బాగుంటుందో నాకు ఇన్నాళ్లూ తెలీలేదు! కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి నా అడుగు ఎంత సాగితే అంత దూరం. ఆర్కే బీచ్ అల మెత్తగా వచ్చి పాదం తడిపి పోయే రకం కాదు. లేచి, విరిగి, ధన్‌మని పడుతుంది. ఆ దెబ్బ చెవికన్నా ముందు రొమ్ముకి తగులుతుంది. అలాంటి బరువైన శబ్దమే లోపలికి బాగా వెళ్తుందని తెలిశాక గట్టు మీద కూర్చుని ఒక్కో అలా చిన్నికి చెప్పి మరీ వినిపిస్తున్నాను. “ఇదిగో వస్తోంది... వస్తోంది... పడింది!”

మా ఆయన మాత్రం నీళ్లలోకి దిగడు. కడుపుతో ఉన్న ఇల్లాలి మొగుడు సముద్రస్నానం చెయ్యకూడదని, కొబ్బరికాయ కొట్టకూడదని మా అత్తమ్మ ముందే చెప్పేసింది. ఈతంటే ప్రాణం పెట్టే మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసక అంచునే నిలబడుతుంటే నాకు ముద్దొస్తాడు.

ఒక రోజు కురుసుర జలాంతర్గామి ముందు ఆగాం. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002 నుంచి ఇసక మీద మ్యూజియంగా ఉంటున్న నౌక అది. పొడవు 91 మీటర్లు. లోపలి తలుపులు గుండ్రంగా, ఇరుగ్గా ఉంటాయి, వంగి దూరాలి. ఈ పొట్టతో మన వల్ల కాదని బయటే నిలబడ్డాం. అప్పుడు మా ఆయన అన్నాడు: “లోతుల ఉన్నప్పుడు దీన్లకెల్లి బయట చూసుడు ఉండదు. కిటికీలే ఉండవు. అక్కడ చెవులే కండ్లు. సోనార్ పెట్టుకుని ఇంటరు. అలికిడిని బట్టి ఏ ఓడ వస్తుందో చెప్తరు.” అని టక్కున ఆగి నా పొట్ట వైపు చూశాడు. నేనూ చూసుకున్నాను. నీళ్లు, చీకటి, చెవులు. రోడ్డు మీద నిలబడి ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వేశాం. ఆ రోజు నుంచి ఆ నల్లటి ఓడ ముందు నుంచి వెళ్తుంటే నాకు సొంత మనిషిని దాటి వెళ్తున్నట్టుంటుంది.

సాయంత్రాలైతే మురీ మిక్చర్ బండి దగ్గరికి. డబ్బాలో మురీలు, టమాటా, నిమ్మరసం వేసి గరిటెతో టకటకటకా కలుపుతాడే, ఆ చప్పుడుకి చిన్ని ఎప్పుడూ పలకలేదు. సన్నటి చప్పుడు కదా, అంత దూరం వెళ్లదేమో. నేను కరకరా నమిలినప్పుడు మాత్రం కదులుతున్నారు! ఎంవీపీ కాలనీ రైతు బజారులో వంకాయలమ్మే మామ్మ, “ఎన్నో నెలమ్మా? ఏడా? మొగుడి చేతికియ్యి ఆ సంచి!” అని గద్దించిన గద్దింపు మాత్రం ఖాయంగా విన్నారు.

వెళ్లకూడని చోటు కూడా ఒకటి తెలిసింది. సినిమాకి వెళ్లాం. ఫైటు మొదలయ్యేసరికి చిన్ని ఆగకుండా తన్నడం మొదలుపెట్టారు. సీటు కూడా అదురుతోంది. డాక్టరమ్మ అంత మోత వద్దని చెప్పింది గుర్తొచ్చి, ఇంటర్వెల్ రాకముందే లేచి వచ్చేశాం. నాకు ఏ బాధా లేదు. బయటికొచ్చి చెట్టు కింద కూర్చుని, “సారీ చిన్నీ” అని చెప్పుకున్నాం.

ఇప్పుడు యాస సంగతి చెప్పాలి, ఇదే నాకు అన్నిటికన్నా పెద్ద వింత. మా ఆయనది ఓరుగల్లు వైపు, నాది బొబ్బిలి. 2009లో జర్మనీలో కాథ్లీన్ వెర్మ్కే బృందం ఒక పరిశోధన ప్రచురించింది. పుట్టి వారం కూడా కాని ముప్పై మంది ఫ్రెంచి పిల్లల ఏడుపు, ముప్పై మంది జర్మన్ పిల్లల ఏడుపు రికార్డు చేసి పోల్చి చూశారు. ఫ్రెంచి పిల్లల ఏడుపు ఎక్కువగా కింది నుంచి పైకి లేస్తోంది, జర్మన్ పిల్లలది పై నుంచి కిందికి దిగుతోంది. ఆ రెండు భాషల్లో మాట సాగే తీరూ అదే! అంటే ఏడవడం రాకముందే పిల్లలు అమ్మ మాటలోని రాగం పట్టుకున్నారన్నమాట.

మరి మా చిన్ని ఏడుపు ఎలా ఉంటుంది? మా వైపు “ఏటి?” అని లాగుతామే, అలా సాగుతుందా? “ఏంది?” అని విరుస్తుందా? మా ఆయన పంతం పట్టాడు. రోజూ రాత్రి పొట్ట దగ్గర నోరు పెట్టి, “బిడ్డా, ఇంటున్నవా? నేను మీ నాయినను. మంచిగున్నవా? ఏం తిన్నవ్ ఇయ్యాల?” అని అరగంట కబుర్లు. మొన్న రాత్రి “మంచిగున్నవా” అనగానే ఆయన పెదవి తగిలిన చోటే ఒక చిన్న తాపు పడింది. ఆయన నోట మాట రాలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు.

ఈ ముచ్చట ఫోన్లో చెప్తే అత్తమ్మ, “గిది మీకు ఇప్పుడెరుకైందా బిడ్డా? ప్రహ్లాదుడు కడుపులున్నప్పుడే ఇనలేదా?” అంది. అత్తమ్మ ఊరు బమ్మెరకి దగ్గర. పోతన అంటే ఇంటి మనిషి ఆవిడకి. సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడి కథ కూనిరాగంతో పద్యాలు పాడి మరీ వినిపించింది. తల్లి గర్భంలో ఉండగా నారదుడు చెప్పింది తల్లి మర్చిపోయిందట, బిడ్డ మర్చిపోలేదట. ఈ కథ ఎన్నిసార్లు విన్నానో! నిజంగా విన్నది ఇప్పుడే. పైగా ఆ ప్రహ్లాదుడి స్వామి మాకు ఇక్కడే, సింహాచలం కొండ మీదే ఉన్నాడు. నాలుగో నెలలో వెళ్లి, ఏడాదిలో ఒక్క రోజు తప్ప చందనం కప్పుకుని ఉండే అప్పన్నకి దణ్ణం పెట్టుకుని, కప్పస్తంభాన్ని కౌగిలించుకుని వచ్చాం. ఓరుగల్లు వైపు కవి రాసిన కథకీ, విశాఖ కొండ మీది దేవుడికీ మధ్య మా చిన్ని ఉన్నారు. చెప్తుంటే నాకు ఇప్పుడే ఒళ్లు జలదరిస్తోంది.

ఫోన్లో అత్తమ్మ గొంతు లోపలికి సరిగ్గా వెళ్తుందో లేదో. నా గొంతు వెళ్తుంది. అందుకే ఆవిడ పద్యం చెప్తుంటే నేను ఒక్కో పాదం తిరిగి చెప్తున్నాను. బడిలో పద్యమంటే పారిపోయినదాన్ని, వారంలో రెండు పద్యాలు నోటికొచ్చేశాయి. “ళ గాదు బిడ్డా, ల” అని అత్తమ్మ దిద్దుతుంటే నాతో పాటు ఇంకొకళ్లు కూడా దిద్దుకుంటున్నారనిపిస్తుంది.

పోయిన శనివారం సీమంతానికి బొబ్బిలి వెళ్లాం. అమ్మ నా రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులు తొడిగించి, “ఈ గలగల కడుపులో పిల్లకి వినిపించాలనే తొడుగుతారే” అంది. అమ్మకి కూడా తెలుసు! అందరికీ తెలుసు, నాకొక్కదానికే ఇన్నాళ్లూ తెలీదు!

మర్నాడు పొద్దున్నే గొల్లపల్లి వెళ్లాం. బొబ్బిలి వీణలు చేసేది అక్కడే. ఒకే పనస దుంగని తొలిచి ఏకాండీగా చేస్తారు. చిన్నప్పటి నుంచి ఆ దారినే తిరిగాను, ఒక్కసారీ లోపలికి తొంగి చూడలేదు. వీణ చేసే అన్న తయారైన వీణ ఒకటి తెచ్చి చూపించాడు. 24 మెట్లు, ఏడు తీగలు. సంగతి చెప్పగానే ఆయనకి వెంటనే అర్థమైంది. నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టి, వీణ కుండని మెల్లగా నా పొట్టకి ఆనించి, అన్నిటికన్నా బొంగురుగా పలికే తీగని ఒక్కసారి మీటాడు. పనస కర్ర వణుకు చర్మం దాటి, నా వెన్ను దాకా పాకింది. తీగ మోత సన్నగిల్లేదాకా ముగ్గురం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం.

గాజుల చేతి పక్కన, కుడి వైపు, లోపలి నుంచి మెత్తగా ఒక్క తోపు.

మా ఆయన నా పొట్ట మీది చెయ్యి తియ్యలేదు. “అన్నా, ఇంకొక్కసారి మీటుండ్రి” అన్నాడు.