తాళంచెవి వెనుక నాలుగు తీగలు

“తెలుగు ఉపన్యాసకునికి మోటారుకారు తీగలతో ఏమి పని?” అని మిత్రులు నన్ను పరిహసిస్తుంటారు. కె.గంగవరంలో మా ఇంటి కొబ్బరాకుల పాక క్రింద నాన్నగారి నాటి అంబాసిడర్ ఉన్నంతకాలం నాకు ఆ పని తప్పదు. ఉత్తరపారా కర్మాగారంలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా అర్ధరాత్రి వేళ రామచంద్రపురం ఆసుపత్రికి పోవలసివస్తే మా వీధివారు నేటికీ ముందుగా మా తలుపే తడతారు. అందుచేత ఆ కారు కదలడం, కదలకపోవడం నా ఒక్కని విషయం కాదు.

గత వర్షాకాలంలో దాని ఇగ్నిషన్ స్విచ్చి చెడిపోయింది. గోదావరి తీరపు తేమగాలికి లోపలి ఇత్తడి బిళ్లలు చిలుము పట్టాయి. బంధువొకరు సులభోపాయం చెప్పారు: “తీగలు రెండూ కలిపి చుట్టేసి, సెల్ఫుకు ఒక బెల్లు బొత్తాము పెట్టించెయ్యి.” ఎన్నో పాత బండ్లకు జరుగుతున్న చికిత్స ఇదే. కాని పనికి వచ్చిన వృద్ధ మెకానిక్కు అందుకు సమ్మతించలేదు. కుర్రవాళ్లు ఆయనను ఉస్తాద్ అని పిలుస్తారు. “మాస్టారూ, ఆపడానికి వీల్లేని బండి నా చేతిమీదుగా బయటికి పోదండి” అన్నారాయన.

ఆ మాటలోని సత్యం పని చూస్తుండగా బోధపడింది. తాళంచెవిని మనం బండిని నడిపించేదిగానే తలుస్తాము. నిజానికి విద్యుత్తును తెంచగలగడమే దాని మొదటి ధర్మం. తీగలు శాశ్వతంగా కలిపివేస్తే, ఇంజను ఆగినప్పుడు పాయింట్లు మూసుకొని ఉన్నచో కాయిల్ గుండా కరెంటు పారుతూనే ఉంటుంది. కాయిల్ కాగిపోతుంది, బ్యాటరీ నీరసిస్తుంది. ఫ్యూజు లేని ఆ ముడి ఇనుప రేకుకు ఒరుసుకొంటే మంటే లేవవచ్చు. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టకపోవచ్చు గాని, తీగను ఎర్రగా కాల్చడానికి చాలును.

ఉస్తాద్ మొట్టమొదట బ్యాటరీ ఎర్తు తీగను విప్పారు. అది తగిలి ఉండగా రెండవ కొనను విప్పబోతే, పానా బాడీకి తగిలి నిప్పులు రాలుతాయట. తరువాత స్విచ్చి వెనుక నుండి నాలుగు తీగలు బయటికి తీశారు. బ్రిటిష్ పద్ధతి ప్రకారం గోధుమరంగు తీగ బ్యాటరీది, తెల్లనిది ఇగ్నిషన్‌ది. కాని ఏళ్ల మసిలో అన్నీ ఒకే రంగుకు తిరిగాయి.

“రంగును నమ్మకండి, పనిని చూడండి” అంటూ ఆయన కొనలను విడివిడిగా ఉంచి, ఎర్తు మరల తగిలించి, పరీక్షాదీపం పట్టారు. వెలిగించినది ఒక్కటే, అది బ్యాటరీ తీగ. గేరు న్యూట్రల్‌లో ఉన్నదని నిశ్చయించుకొని, మిగిలినవాటిని ఫ్యూజు ద్వారా దానికి తాకించారు. ఒకదానికి డైనమో ఎర్రదీపం వెలిగింది, అది కాయిల్ దారి. మరొకదానికి సెల్ఫు తిరిగింది. నాలుగవదానికి రేడియో పలికింది! ఒక్కొక్క తీగకు నేను తెలుగులో చీటీ వ్రాశాను. ప్రక్కనే ఆయన ఉర్దూలో వ్రాసుకొన్నారు.

సెల్ఫు మోటారుకు నూరు అంపియర్లకు పైగా కావాలి. అంత కరెంటు తాళంచెవి గుండా పోదు. సన్నని తీగ సోలినాయిడ్‌కు ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది. బరువంతా లావు కేబులే మోస్తుంది. 1912 నాటి క్యాడిలాక్ కారుకు చార్లెస్ కెట్టరింగ్ విద్యుత్ స్టార్టరు సమకూర్చక పూర్వం ఇనుప హ్యాండిలు ఎదురుతన్ని ఎందరి మణికట్లో విరిగేవి. ఆ శ్రమనంతటినీ నేడు చిన్న తాళంచెవి తప్పిస్తున్నది.

విద్యార్థులారా, మీలో చాలామంది ఇళ్లలో ఇటువంటి ఉస్తాదులు ఉన్నారు. వారి విద్యకు పుస్తకం లేదు. వారితోనే అది పోతున్నది. ఈ సెలవులలో ఒక పూట వారి ప్రక్కన కూర్చుండి, చేసిన పనిని వరుసగా, వారి మాటలలోనే, తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసుకొని రండి. రాబోయే సంచికలో వాటికి కొన్ని పుటలు కేటాయించవలసిందిగా కళాశాల సంఘాన్ని సవినయంగా కోరుతున్నాను.